పళ్ళెం పట్టిన చేయి

మోత్కూర్,
22-1-1961

చిరంజీవి ఆండాళుకు, బాపు ఆశీర్వదించి రాసేది.

నరసింహస్వామి దయవల్ల ఇంట్లో మగ్గం ఆడుతోంది. మీ అమ్మ నోరు అంతకంటె గట్టిగా ఆడుతోంది. నీవు నర్సు చదువుకని పట్నం పోయాక నాతో వాదించే మనిషి ఒకరు తగ్గుతారనుకున్నాను. నీ వంతు కూడా మీ అమ్మే తీసుకుంది.

మొన్న కట్టంగూర్ పోయి గొర్రెలు కాసే కుర్మల వాడలో గంటసేపు బోధ చెప్పాను. మేకపోతు మెడ మీద కత్తి పెట్టిన చెయ్యి దేవునికి దండం పెట్టడానికి పనికిరాదని గ్రంథం తెరిచి మరీ చెప్పాను. ఐలేశం అని ఒక పెద్దమనిషి గొంగడి దులుపుకొని లేచాడు. "సిద్దయ్యా, నీ దేవుడు కడుపు చీల్చి పేగులు మెడల ఏసుకున్నోడు గదా. మేము ఒక్క పోతును కోస్తె మా మీద గింత లొల్లి ఎందుకు?" అన్నాడు. వాడంతా నవ్వింది. నేను ఊరుకుంటానా? "స్వామి చేతిల కత్తి ఉండెనా ఐలేశం? ఆ రాక్షసుడు ఆయుధంతోని చావనని వరం తెచ్చుకున్నడు. లోపల చావను, బయట చావను అన్నడు. స్వామి కత్తి పట్టలే. గడప మీద కూసున్నడు" అన్నాను. నవ్వు ఆగింది.

కత్తి మాట వచ్చింది గనుక అడుగుతున్నాను. మీ దవాఖానకు ఒక యంత్రం వచ్చిందని, పైదేశంలో చదివిన పెద్ద డాక్టరు వట్టి శబ్దంతో తల లోపలి జబ్బును కాల్చేస్తాడని పోయిన ఉత్తరంలో రాశావు. చదివి నవ్వాను. తర్వాత నవ్వలేదు.

మనకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. పేరు అడగకు. ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిసి పోగు పేనుతున్నట్టు ఆడతాయి. నిద్రలో ఆగుతుంది. నలుగురు చూస్తే ఎక్కువవుతుంది. ఆయన కల్లు ముట్టడు, బీడీ ముట్టడు, మాంసం ముట్టడు. ఆ శబ్దానికి ఇటువంటి చెయ్యి నిలుస్తుందా? మనిషి బతుకుతాడా? మాట పోతుందా? వైశాఖంలో నరసింహ జయంతి లోపల నయం కావాలని ఆయన కోరిక. తొందరగా రాయి. ఆయనకు ఫికర్ ఎక్కువగా ఉంది.

ఇట్లు,
నీ మేలు కోరే బాపు,
సిద్దయ్య

*

హైదరాబాదు,
3-2-1961

ప్రియమైన బాపుకు, నీ ఆండాళు దండాలు పెట్టి రాసేది.

నీ ఉత్తరం వార్డులో నిలబడే చదివాను. కళ్ళు తుడుచుకుంటుంటే తోటి నర్సు శ్యామలమ్మ "ఇంటికాడ ఏమన్న అయిందా?" అని అడిగింది. మంచే అయిందని చెప్పాను.

పేరు అడగవద్దన్నావు. నేను అడగను, రాస్తాను. భిక్షపతి మామ.

ఎనిమిదేండ్లుగా మన ఇంట్లో ఎవరూ పలకని పేరు బాపూ. అమ్మకు ఒక్కడే తమ్ముడు. నీ కీర్తనలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టినవాడు. స్వామివారి వెండి కన్ను పోయిననాడు గుడి తాళం మామ దగ్గర ఉండడమే తప్పయింది. మన వాడ కట్టుబాటు ప్రకారం కర్పూరం వెలిగించిన పళ్ళెం కుడిచేతిలో పెట్టి, గడప నుంచి స్వామి ముందుదాకా నడవమన్నారు. నాకు పన్నెండేండ్లు. దీపాల నూనె గిన్నె పట్టుకొని పక్కనే నిలబడ్డాను. మామ చెయ్యి వణికింది. కర్పూరం కింద పడింది. "తప్పు చేయని చెయ్యి వణకదు" అని నీవు అన్నావు. నీవు అన్న మాట వాడంతా అన్నది. తెల్లారి మామా సుగుణమ్మ అత్తా నారాయణపేట బండెక్కారు.

మామ చెయ్యి అంతకు రెండు నెలల ముందు నుంచే వణుకుతోంది బాపూ. కలం పట్టుకుంటే సిరా చుక్కలు పడేవి. నేను చూశాను. చిన్నదాన్ని కదా, ఎవరికి చెప్పాలి? ఇప్పుడు ఇక్కడ అటువంటి చేతులు రోజూ చూస్తున్నాను. అది తప్పు కాదు, జబ్బు. నీకై నీవే అడిగావు చూడు, అదే నాకు చాలు. జయంతి లోపల అని ఎందుకన్నావో కూడా అర్థమైంది, అప్పటికి మామను మళ్ళీ వాడలోకి పిలవాలనే కదా.

యంత్రం సంగతి రాస్తాను. తల లోపల, లోతున, జొన్నగింజంత జాగా చెడితే చెయ్యి మాట వినదట. కత్తితో అక్కడికి పోవాలంటే దారిలో మంచి భాగం దెబ్బతింటుంది. ఈ యంత్రం సెకండుకు పది లక్షల సార్లు అదిరే శబ్దాన్ని నాలుగు వైపుల నుంచి పంపుతుంది. చెవికి వినబడదు. ఏ ఒక్క శబ్దమూ దారిలో దేనినీ ముట్టదు. నాలుగూ కలిసినచోట మాత్రం వేడిపుట్టి ఆ గింజంత మాడిపోతుంది. ఎముకకు శబ్దం అడ్డం పడుతుంది గనుక వారం ముందు పుర్రెలో చిన్న కిటికీలాగ ఎముక తీసి తోలు కుట్టేస్తారు. కత్తి పని అంతే. మెదడులోకి కత్తి గాని సూది గాని పోదు. మనిషి మేలుకొనే ఉంటాడు.

డాక్టరు గారితో మామ సంగతి రేపే చెబుతాను.

ఒకటి అడగాలి. నీ అక్షరాలు ఎందుకింత చిన్నగా అయినాయి? వరుస మొదట్లో చీమంత, చివర్లో చీమ కాలంత. కాగితంలో సగం జాగా మిగిలే ఉంది. కళ్ళద్దాలు మార్పించుకో.

ఇట్లు,
నీ బిడ్డ,
ఆండాళు

*

మోత్కూర్,
19-2-1961

చిరంజీవి ఆండాళుకు, బాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించలేదు. అంగడికి పోయిన సమయం చూసి ఒక్కణ్ణే చదువుకున్నాను.

నేను భిక్షపతి పేరు ఎత్తలేదు. నీవు ఎత్తావు. ఎత్తిన పేరును దించమని నేను అనను. కాని ఒక మాట తెలుసుకో. మన వాడలో నూరిండ్ల మనుషులు తాగుడు మానింది, అబద్ధాల ప్రమాణాలు మానింది ఆ పళ్ళానికి భయపడే. నేను బడికి పోలేదు. మగ్గం గుంతలో కూర్చొని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నా మాట నిలిచిందంటే ఆ పళ్ళెం మీదనే నిలిచింది. నీవు ఒక్క ఉత్తరంతో "అది జబ్బు" అంటే సరిపోతుందా? అన్నీ జబ్బులైతే పాపం ఎక్కడుంటుంది? జొన్నగింజలోనా?

శబ్దం సంగతి మాత్రం గ్రంథానికి విరుద్ధం కాదు. వాక్కు నాలుగు రకాలు. నోటితో పలికేది అన్నిటికంటె మోటు. లోపలికి పోయినకొద్దీ వినబడదు, బలం పెరుగుతుంది. ఆయుధం లేదు, లోపలా కాదు బయటా కాదు. మీ డాక్టరు గడప మీద కూర్చున్న స్వామి పని చేస్తున్నాడని చెప్పు. మొక్కుతాడో నవ్వుతాడో చూడు.

ఇప్పుడు అడిగేది శ్రద్ధగా విను. ఆయన భిక్షపతినే చూస్తాడా, ఇంకొకరిని కూడా చూస్తాడా? ఇంకొక మనిషికి జాగా ఉంటుందా? ఉంటే జయంతి లోపల వీలవుతుందా? ప్రతి జయంతికీ అందరికంటె ముందు పళ్ళెం మోసి కట్టుబాటు నిలబెట్టేది నేనని నీకు తెలుసు. ఈసారి కూడా ఏర్పాట్లు చూడాలి. అందుకే తొందర. మాట పోతుందా అని అడిగాను, దానికి జవాబు రాయలేదు.

కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. కాగితం పొదుపు చేస్తున్నాను.

ఇట్లు,
బాపు

*

హైదరాబాదు,
2-3-1961

ప్రియమైన బాపుకు, దండాలు.

ఇంకొకరికి జాగా లేదు బాపూ. అడిగి చూశాను. ఆరుగురినే తీసుకుంటున్నారు. తర్వాత యంత్రాన్ని విప్పి, అది వచ్చిన దేశానికే మరమ్మతుకు పంపిస్తారు. మళ్ళీ ఎప్పుడొస్తుందో డాక్టరు గారికే తెలియదు. ఆరో పేరు భిక్షపతి మామది. ఏప్రిల్ నాలుగో తారీఖున దవాఖానలో చేరాలి. ఇంకొకరెవరో రాస్తే కనీసం మాత్రలైనా అడిగి పంపుతాను.

మాట సంగతి అడిగావు. నిజమే రాస్తున్నాను. గింజంత జాగా పక్కనే మాటకూ నడకకూ సంబంధించిన దారులున్నాయట. వెంట్రుకవాసి తప్పితే నాలుక మొద్దుబారవచ్చు, మూతి ఒక పక్కకు పోవచ్చు. అందుకే ముందు కొంచెం శబ్దమే వదులుతారు. దానికి వణుకు కాసేపు ఆగితే సరైన జాగా అని తెలుస్తుంది. అప్పుడే పూర్తిగా వదులుతారు. మొదటి ముగ్గురిలో ఇద్దరికి చెయ్యి నిలిచింది. మూడో ఆయనకు నిలవలేదు. ఎవరూ చనిపోలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. సుగుణమ్మ అత్తకు ఉత్తరం రాశాను. పక్కింటి వాళ్ళతో జవాబు రాయించింది. మామ మగ్గం మీద కూర్చోలేడు. షెడ్డులో మగ్గాల గుంతలు ఊడ్చి నీళ్ళు చల్లే పని చేస్తున్నాడు. అన్నం అత్తే తినిపిస్తుంది. మామ అన్న మాటలు ఉన్నవున్నట్టు రాయించింది: "దవాఖానకు వస్త. చచ్చినా మంచిదే. కాని బావ వచ్చి పిలవాలె. ఎనిమిదేండ్ల కింద ఎళ్ళగొట్టిన మనిషే వచ్చి రమ్మనాలె. లేకుంటే నేను కదల."

బాపూ, నారాయణపేట దూరమే. అయినా పోవాలి. నీవు పోకపోతే ఆరో మంచం ఖాళీగా ఉంటుంది.

నీ జవాబు కోసం పోస్టు వచ్చే వేళకు రోజూ గేటు దాకా వస్తాను.

ఇట్లు,
ఆండాళు

*

హైదరాబాదు,
24-3-1961

ప్రియమైన బాపుకు,

ఇరవై రెండు రోజులైంది. జవాబు లేదు. నిన్న అమ్మ ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. అందులో ఉన్నది నీకూ తెలియాలి.

"మీ బాపు గుడికాడికి పోతలేడు. కట్టంగూరోళ్ళు పిలిస్తె పానం బాగలేదన్నడు. అన్నం ఎడమ చేత్తోని తింటున్నడు. అదేంది అని అడిగితే కుడిచేత్తోని గ్రంథం ముట్టుకుంట, ఎంగిలి కావద్దు అంటున్నడు. ఊరికంత గొంతు చించుకొని చెప్పెటాయన ఇంట్ల మూగోడైండు. గ్రంథం మూట నన్ను ముట్టనిస్తలేడు. దుమ్ము దులుపుదామని పోతే మీద పడ్డడు. ఏమైందో జర నువ్వే అడుగు బిడ్డా."

కార్డు చదివాక పెట్టె తీసి, రెండేండ్లుగా నీవు రాసిన ఉత్తరాలన్నీ మంచం మీద వరుసగా పరిచాను. మొదటి ఉత్తరంలో అక్షరం చింతగింజంత ఉంది. నెలనెలా చిన్నదవుతూ వచ్చింది. రోజూ వార్డులో అటువంటి రాతలే చూస్తాను. డాక్టరు గారు ప్రతి రోగికీ కాగితం ఇచ్చి పేరు రాయమంటారు. అయినా నా బాపు ఉత్తరంలో దాన్ని గుర్తుపట్టలేదు. కళ్ళద్దాలని రాశాను.

ఆ ఒకాయన నీవేనా?

నీవే అయితే ఇన్ని ఉత్తరాలలో ఎందుకు చెప్పలేదు? ఇంకొకరికి జాగా ఉందా అని నీవు అడిగినప్పుడు లేదు అని నా చేత్తోనే రాశాను.

నా తల పనిచేయడం లేదు. జాబితా డాక్టరు గారి బల్ల మీద ఉంది. పేర్లు మార్చడానికి ఈ నెల ముప్పై దాకా గడువు ఉంది. నీవు ఒక్క ముక్క రాస్తే మామ పేరు కొట్టేసి నీ పేరు రాయిస్తాను. చేరమని దవాఖాన నుంచి మామకు ఇంకా ఉత్తరం పోలేదు. సుగుణమ్మ అత్తకు ఏదో ఒకటి చెబుతాను. ఇది మంచో చెడో నీవే చెప్పాలి. అన్నీ చెప్పేవాడివి నీవే కదా. నేను నీ బిడ్డను, నీ వైపే ఉంటాను. టెలిగ్రాం అయినా ఇవ్వు.

ఆండాళు

*

నారాయణపేట,
31-3-1961

చిరంజీవి ఆండాళుకు,

పేరు కొట్టేయవద్దని ఇచ్చిన టెలిగ్రాం అంది ఉంటుంది. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరలు సర్దుకొని చదువు.

అవును, ఆ ఒకాయన నేనే. రెండేండ్లయింది. పోయిన జయంతికి ఎడమచెయ్యి కూడా ఆనించి పళ్ళెం ఎట్లాగో మోశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు కాగితం తీసి "నా పేరు రాయించు" అని రాశాను. అబద్ధం చెప్పను. మడిచి కవరులో పెట్టి పోస్టాఫీసు దాకా పోయాను. డబ్బాలో వేద్దామంటే కవరు చేతిలో రెపరెపలాడింది. డబ్బా నోట్లో పోకుండా రెండుసార్లు పక్కకు తగిలింది. పోస్టుమాన్ చూసి "ఏంది సిద్దయ్య, తప్పు చేయని చెయ్యి వణకదంటివి" అని నవ్వాడు. పాపం, హాస్యానికే అన్నాడు. ఆ కవరు జేబులో పెట్టుకొని టెలిగ్రాం ఇచ్చి, ఇంటికి పోకుండా నారాయణపేట బస్సెక్కాను.

సుగుణమ్మ గడపలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. "పెద్దమనిషి వచ్చిండు. పళ్ళెం తెచ్చిండా, ఈడ అడుక్కుంటడా?" అంది. నేను కుడిచెయ్యి కండువ కింద పెట్టుకొని నిలబడ్డాను.

భిక్షపతి లోపలినుంచి వచ్చాడు. తల నెరిసింది. చెయ్యి గాలిలో కొట్టుకుంటోంది, ఆపాలని కూడా చూడడం లేదు. నా మొహం చూడలేదు. కండువ చూశాడు. కండువ కదులుతోంది.

"ఎన్నేండ్లాయె బావా?" అన్నాడు.

"రెండు" అన్నాను.

సుగుణమ్మ చేట కింద పెట్టింది.

"అయితే నువ్వే పోరాదు. నీకు నోరుంది, చెప్పే పనుంది. నాకేముంది, ఊడ్చే పని. నాకు అలవాటైంది" అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదు ఆండాళూ. ఎత్తిపొడుపైతే తట్టుకునేవాణ్ణి.

"నిన్ను పిలువనీకే వచ్చిన. రా" అన్నాను.

వస్తానన్నాడు. నాలుగో తారీఖున తెల్లవారి బస్సుకు తీసుకొస్తున్నాను. అతనికి ఇంకొక మాట చెప్పాల్సి ఉంది. నాలుగేండ్ల నుంచి ఉంది. బస్సులో చెబుదామనుకుంటున్నాను. నోరు వస్తుందో రాదో.

బాపు

*

హైదరాబాదు,
15-4-1961

ప్రియమైన బాపుకు, దండాలు.

గేటు దగ్గర మామను నాకు అప్పజెప్పి, టీ కూడా తాగకుండా తిరుగు బస్సెక్కావు. నీ చెయ్యి పట్టుకొని చూద్దామనుకున్నాను. ఇవ్వలేదు. బస్సులో మీ బాపు ఏమన్నాడని మామను అడిగాను. "రెండుసార్లు నోరు తెరిచిండు, రెండుసార్లు కిటికీ తెరిచిండు" అన్నాడు.

ఎముక తీసిన గాయం మానింది. పదమూడో తారీఖున శబ్దం పెట్టారు. నేను లోపలే ఉన్నాను. అంతా రాస్తాను, నీకూ ఒకరోజు అక్కరకొస్తుంది.

మామను కుర్చీలో కూర్చోబెట్టి తలను ఇనుప చట్రంలో బిగించారు. శబ్దం గాలిలో పోదట, నీళ్ళలో పోతుంది. అందుకని తల మీద నీళ్ళ తొట్టి లాంటిది అమర్చారు. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళు, ఒక్క బుడగ ఉండకూడదు. నేను భయంతో చెమటలు కక్కుతుంటే మామ నన్ను చూసి "కోడలా, నా నెత్తి మీద బోనం ఎత్తిండ్రు. డప్పులోళ్ళను పిలువు" అన్నాడు. డాక్టరు గారికి నేనే ఆ మాట వివరించాల్సి వచ్చింది.

తర్వాత డాక్టరు గారు మీట నొక్కారు. యంత్రం మీద చిన్న దీపం వెలిగింది, ఆరింది. ఏమీ వినబడలేదు. మామ చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. యంత్రం గురి కొంచెం జరిపారు, మళ్ళీ దీపం వెలిగింది. మళ్ళీ అంతే. మూడోసారి కూడా నిలవకపోతే ఆపేస్తామని డాక్టరు గారు మెల్లగా అన్నారు. మూడోసారి దీపం వెలిగినప్పుడు నేను స్వామిని తలుచుకోలేదు బాపూ, నిన్ను తలుచుకున్నాను. ఇది నీ జాగా కదా అనుకున్నాను. ఇది కూడా వట్టిదైపోతే నిన్ను ఏ మొహంతో చూడాలి అనుకున్నాను.

మామ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది. వేళ్ళు రెండుసార్లు ఆడి నిలిచాయి. మామ తన చెయ్యిని పక్కింటివాళ్ళ పిల్లను చూసినట్టు చూశాడు.

అదే జాగా అని పూర్తి శబ్దం వదిలారు. అయిపోయాక డాక్టరు గారు నీళ్ళ గ్లాసు ఇచ్చి పట్టుకోమన్నారు. మామ వద్దని, "ఒక పళ్ళెం ఇయ్యి బిడ్డా" అన్నాడు. సూదులు పెట్టే తెల్ల పళ్ళెం ఇచ్చాను. దాని మీద చిన్న దూదిముద్ద పెట్టమన్నాడు. చెయ్యి చాపి పట్టుకున్నాడు. ఇక చాలన్నా ఇవ్వలేదు. దూది కదలలేదు.

నాలుక కొంచెం మొద్దుగా ఉంది. నెలలో సర్దుకుంటుందట. నీ కోసం మాత్రలు పంపుతున్నాను. యంత్రాన్ని పెట్టెల్లో సర్దుతున్నారు. మళ్ళీ వస్తే మొదటి పేరు నీదే రాయించాను.

ఇరవై ఏడున మామను పంపిస్తారు. జయంతికి మోత్కూర్ రమ్మని పిలుస్తావా? అమ్మ చూడాలి. వాడంతా చూడాలి.

ఇట్లు,
నీ బిడ్డ,
ఆండాళు

*

మోత్కూర్,
2-5-1961

చిరంజీవి ఆండాళుకు, బాపు ఆశీర్వదించి చెప్పించేది.

అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయని సంబరపడకు. మాట నాది, రాత మీ మామది. ఎనిమిదేండ్ల తర్వాత నా ఎదురుగా కూర్చొని కలం పట్టాడు. మీ అమ్మ తలుపు పక్కన నిలబడి కలాన్నే చూస్తోంది. మూడు రోజుల నుంచి వంటింట్లోకి పోతుంది, వచ్చి తమ్ముణ్ణి చూస్తుంది, మళ్ళీ పోతుంది.

జయంతినాడు పొద్దుగూకే వేళకు వాడంతా గుడి ముందు చేరింది. కట్టంగూర్ నుంచి ఐలేశం కూడా వచ్చాడు. భిక్షపతి రుమాలు చుట్టుకొని ఒక పక్కన నిలబడ్డాడు. నర్సింగమ్మ పెద్దవ్వ అందరి తరఫున అడిగింది: "చెయ్యి నిలిచిందంటున్నరు గదా సిద్దయ్య. మళ్ళొక్కసారి పళ్ళెం మోయమను. నిలిస్తే కులంల కలుపుకుందం." అందరూ సరే అన్నారు. భిక్షపతి కూడా ముందుకొచ్చాడు. నేను ఆపాను.

ఎప్పటిలాగ మొదట నేను మోస్తానన్నాను. గ్రంథం మూట విప్పి, అందులోంచి ఒకటి తీసి పళ్ళెంలో కర్పూరం పక్కన పెట్టాను. చెయ్యి చాపాను. కండువ తీసేశాను.

గడప దాటకముందే కర్పూరం జారిపడి ఆరిపోయింది. కాని పక్కన పెట్టింది పళ్ళెంలోనే ఉండి గలగలమని మోగింది. చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినబడింది. అది స్వామివారి వెండి కన్ను.

ఇక్కడ మీ మామ కలం ఆపాడు. ఇది రాయను బావా అన్నాడు. రాయి అన్నాను. రాస్తున్నాడు.

నాలుగేండ్ల కింద పీఠానికి సున్నం వేయిస్తుంటే వెనక సందులో ఎండిన పూలూ మైనం కలిసిన ముద్ద దొరికింది. అందులో కన్ను ఉంది. అది అతికించిన మైనం ఎండలకు కరిగి, పూలదండతోపాటు కన్ను జారిపోయింది. ఎవరూ దొంగిలించలేదు. అప్పుడే చెప్పాలి. చెబితే పళ్ళెం అబద్ధమవుతుంది, పళ్ళెం అబద్ధమైతే నా మాట పోతుంది, నా మాట పోతే వాడ మళ్ళీ తాగుడులో పడుతుంది అనుకున్నాను. ధర్మం కోసమే దాచానని నాకు నేను బోధ చేసుకున్నాను. ఆ కన్నును గ్రంథం ఆకుల మధ్యనే పెట్టాను. అట్లా దాచమని ఏ ఆకులోనూ లేదు. వెతికాను.

తర్వాత రెండేండ్లకు నా చెయ్యి మొదలైంది. స్వామి చూశాడనుకున్నాను. నీవు జొన్నగింజ అని రాసినప్పుడు నాకు ఊరట కలగలేదు ఆండాళూ. భయం పెరిగింది. నాది శిక్ష అయితే నాకు న్యాయమే, భిక్షపతికి ఎందుకు వచ్చింది? అతనిది జబ్బు అయితే నాదీ జబ్బే. అప్పుడు పళ్ళెం ఎవరి పాపం తేల్చింది? ఎటు తిప్పినా దోషి ఒక్కడే. చెయ్యి వణికినందుకు కాదు.

ఇదంతా గుడి ముందు చెప్పాను. గొంతు చించుకోలేదు. "నా చెయ్యి వణికింది జబ్బుతోని. నేను దోషినైంది నోరు మూసుకున్నందుకు. ఇగ ఈ వాడల ఎవ్వరి చేతికీ పళ్ళెం ఇయ్యొద్దు" అన్నాను. ఐలేశం లేచి గొంగడి సర్దుకొని, "నిన్ను ఇన్నేండ్లు విన్న. ఇయ్యాల్నే వినబడ్డది సిద్దయ్య" అని వెళ్ళిపోయాడు.

ఇకమీదట నేను బోధ చేయాలో వద్దో వాడ ఇంకా చెప్పలేదు. నన్ను క్షమించమని భిక్షపతిని అడగలేదు. అతనూ క్షమించానని అనలేదు. కన్నును చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, "గింతే ఉండెనా?" అన్నాడు. ఆ చెయ్యి వణకలేదు.

మాత్రలు వేసుకుంటున్నాను. మందుతో మగతగా ఉంది. యంత్రం వస్తే వస్తుంది. నా గురించి భయపడకు. భయం ఇన్నాళ్ళు నేనే అందరి వంతూ పడ్డాను.

ఇట్లు,
నీ బాపు,
సిద్దయ్య

కోడలా, కింద ఈ నాలుగు వరుసలు నావి. బాపు చెప్పింది చెప్పినట్టే రాసిన. ఒక్కటే తప్పించిన. చివరల "నేను పాపిని" అని మూడుసార్లు రాయమన్నడు. ఒక్కసారి కూడా రాయలే. కాగితంల జాగా అయిపోయింది బావా అని చెప్పిన. నమ్మిండు. నువ్వే చూడు, సగం కాగితం మిగిలే ఉంది.

మీ మామ,
భిక్షపతి